పాటలో ఖాళీ

"అమ్మాయీ, ఆ చివరి మీట ఇరుక్కుంటుంది. దాన్ని నమ్ముకోకు."

పియానో ముందు కూర్చున్న జెనీవా ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది.

హాలు తలుపు దగ్గర ఒక ముసలాయన తడిసిన టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. బయట న్యూ ఆర్లీన్స్ వాన దంచి కొడుతోంది. తగ్గగానే పోతాడులే అనుకుంది జెనీవా.

"ఆదివారం నాకు పరీక్షుంది పెద్దాయనా. కాస్త సాధన చేసుకోనివ్వండి."

లూసియన్ గారి బ్యాండు ఎన్నో ఏళ్లుగా పియానో లేకుండానే నెట్టుకొచ్చింది. బాంజో తీగలు మీటే ఆయన కాలం చేశాక, ఇక గతిలేక పియానో వాయించే మనిషి కోసం చూస్తున్నారు. ఆ కుర్చీ మీద ఆశతోనే జెనీవా మెంఫిస్ నుంచి వచ్చింది. ఇది తప్పితే మళ్లీ పిన్ని లాండ్రీలో ఇస్త్రీ పెట్టె పట్టుకోవాల్సిందే.

ఆమె వేళ్లు కిందినుంచి పైకి, పైనుంచి కిందికి జోరుగా పరుగెత్తాయి. తర్వాత ఆ బ్యాండు వాళ్ల పాట ఎత్తుకుంది. అంతసేపు చేసిన సాధన ఎటు పోయిందో, పాటలో ఎక్కడా కనిపించలేదు.

"కారం డబ్బాలోంచే తింటున్నావేం? గంబో పులుసు కుండలో వెయ్యి," అన్నాడు ముసలాయన.

"అంటే?"

"నేర్చిందంతా పాట బయటే ఉండిపోతోంది. లోపలికి తీసుకురా. ఇవాళ ఒకటే పని. పాటలో ప్రతి ముఖ్యమైన స్వరానికీ దాని కింది మీట తట్టి చేరు. మొదట్నుంచి చివరిదాకా అదే. ఇంకేం చేసినా ఊరుకోను."

"ఊరుకోకపోతే ఏం చేస్తారు?"

"పాడతాను. నా గొంతు నువ్వు భరించలేవు."

జెనీవాకు నవ్వొచ్చింది. చెప్పినట్టే చేసింది. వాన వెలిసేసరికి పాట ఆమె చేతికి కొంచెం లొంగింది.

మర్నాడు వాన లేదు. అయినా వచ్చాడు.

"ఇవాళ పై మీటా, కింది మీటా తట్టి మధ్యలోకి దిగు. పాట అదే."

ఆ తర్వాత రోజు ఎడమ చేతి మీద పడ్డాడు.

"అంత తొందరేం? ఆ చెయ్యి ఆలస్యంగా రావాలి. గొడవపడి పోయిన ఇంటికి తిరిగొచ్చినవాడిలా గుమ్మం దగ్గర కాస్త తటపటాయించాలి."

"మీకు బాగా అలవాటులా ఉందే!"

ముసలాయన నవ్వలేదు.

ఇన్ని చెప్పేవాడు, తాను మాత్రం పియానో ముట్టుకునేవాడు కాదు.

"ఒక్కసారి వాయించి చూపించొచ్చు కదా?"

"ముట్టుకోవద్దన్నారు."

"డాక్టరా?"

"అంతకంటే పెద్దవాళ్లే."

శనివారం నాడు టోపీ అంచు నలుపుతూ అడిగాడు.

"ఈ పాట వాళ్లింకా వాయిస్తున్నారా?"

"ప్రతి ఆదివారం. ఆఖర్న ఇదే."

"మరి బ్రేక్ దగ్గర?"

ఆ పాట నడుమ ఒకచోట అందరూ ఠక్కున ఆగిపోతారు. అక్కడ ఒక్కరే వాయించాలి. దాన్నే బ్రేక్ అంటారు.

"అక్కడ ఎవరూ వాయించరు. కాళ్లతో తాళం వేస్తారంతే," అంది జెనీవా.

"ఎందుకట?" అన్నాడు ముసలాయన.

జెనీవాకు తెలియదు. ఆ మాట చెప్పేస్తే సరిపోయేది. కానీ ఊరికి కొత్తదని అనిపించుకోవడం ఇష్టం లేక నోటికొచ్చింది అనేసింది.

"ఎందుకేముంది? ముసలాళ్లు కదా. అక్కడ ఏముండేదో మర్చిపోయుంటారు."

ఆయన కిటికీలోంచి వీధిలోకి చూశాడు.

"అంతేలే. మర్చిపోయుంటారు," అన్నాడు.

తర్వాత మొదటిసారి పియానో దగ్గరికి వచ్చాడు. కూర్చోలేదు. నిలబడే ఒంటి చేత్తో చిన్న ముక్క వాయించాడు. అది పైనుంచి జారి, దారిలో రెండుసార్లు తడబడినట్టు నటించి, ఏడుస్తున్నవాడు నవ్వేసినట్టు ముగిసింది.

"బ్రేక్ దగ్గర ఇది వెయ్యి. కుర్చీ నీదే."

"రేపు మీరూ వచ్చి వినండి."

"పొద్దున్నే బస్సుంది బంగారూ."

"ఏ ఊరికి?"

"ఏదో ఒక ఊరికి."

ఆదివారం బ్యాండు వాళ్లు వచ్చారు. లూసియన్ గారు మనిషెత్తు బేస్ ఫిడేలుని ఒంటికి ఆనించుకుని, కళ్లు మూసుకుని పాట మొదలుపెట్టారు. జెనీవా చెయ్యి ఎక్కడా తొట్రుపడలేదు. ట్రంపెట్ ఆయన మెచ్చుకోలుగా తలూపాడు.

బ్రేక్ వచ్చింది. అందరూ ఆగారు. కాళ్లు తాళం వేశాయి.

జెనీవా ఆ ముక్క వాయించింది.

బ్రేక్ అయిపోయినా బేస్ మళ్లీ మోగలేదు. ఒక్కొక్కరుగా అందరూ ఆపేశారు.

"ఎవరు నేర్పారు నీకది?" అన్నారు లూసియన్ గారు.

"తప్పా సర్?"

"ఎవరమ్మా?"

"ఒక ముసలాయన. ఈ వారమంతా వచ్చారు. మీరక్కడ ఎందుకు వాయించరని అడిగారు." ఆమె గొంతు తగ్గింది. "మర్చిపోయుంటారన్నాను."

"ఏడీ?"

"పొద్దున బస్సుకి వెళ్లిపోయారు."

లూసియన్ గారు బేస్ గోడకి ఆనించి తలుపు దాకా నడిచారు. వీధి అటూ ఇటూ చూశారు. తిరిగొచ్చి పియానో పక్కన కూలబడ్డారు.

"కుర్చీ నీదేనమ్మా."

ఆ మాట కోసమే ఇంత దూరం వచ్చింది జెనీవా. ఇప్పుడు మాత్రం లేచి పారిపోవాలనిపించింది.

"ఒకరోజు ఒళ్లు మండి, ఇంకెప్పుడూ ఈ పియానో ముట్టుకోకు పొమ్మన్నాను," అన్నారాయన. "పోయాడు. ఎంత వెతికినా ఆచూకీ లేదు. అప్పట్నుంచి అక్కడ మేమెవరమూ వాయించలేదు. ఎప్పటికైనా వస్తాడని, వస్తే అక్కణ్ణుంచే ఎత్తుకుంటాడని..."

ఆయన ఇరుక్కునే ఆ చివరి మీటని వేలితో మెల్లగా పైకి లేపారు.

"ఆ చోటు మా తమ్ముడిదమ్మా."