తోడి పెళ్లికూతురు

అచ్చాయమ్మ సంచి సర్దుతోంది. ప్రయాణం ఆమెది కాదు, ఆమె పెంచుకునే నీరుకట్టె పాము గౌరిది. గోడ రంగుకు సరిపోయే పాములను, చీకట్లో వెలిగే పాములను జనం ఇంటింటా చేయించుకుంటున్న ఆ రోజుల్లో, బురదరంగు నీరుకట్టెను ముచ్చటపడి పెంచేవాళ్లు ఇద్దరే: ఆమె, రాజోలులో బ్రహ్మచారి గవర్రాజు. ఆయన మగపాముతో గౌరికి జత కుదిరింది.

తోడు వెళుతున్నది చెల్లెలు కాసులు, పెళ్లంటే గిట్టక యాభై దాటించిన మనిషి.

"పాముకి చలిమిడేంటక్కా? అది తింటుందా?"

"అత్తారింటికి వట్టి చేతులతో ఎలా పంపనే? అది తినకపోతే దారిలో నువ్వు తినెయ్. నా బెంగల్లా, దానికి అక్కడే నచ్చేస్తేనో?"

"నీరుకట్టెకి నచ్చడాలేంటి. వారంలో తెచ్చేస్తాగా."

ఎగిరే బస్సు వాకిట్లో దిగింది. అచ్చాయమ్మ కళ్లొత్తుకుని, సంచి మూతి దగ్గర వంగి, "వెళ్లి రా తల్లీ" అని మూడుసార్లు చెప్పింది. కాసులుతో మాత్రం "జాగ్రత్త" అని ఊరుకుంది. చలిమిడి డబ్బా అప్పటికే సగం ఖాళీ.

పై గురువారం బస్సులో గౌరి ఒక్కతే, కడుపులో గుడ్లతో తిరిగొచ్చింది. ఆ మాఘమాసంలో రాజోలు వెళ్లిన కాసులు, గవర్రాజు ఇంటినుంచి ఇక తిరిగి రాలేదు.