జాడీలో తోడు

“ఆ జాడీ యాల కడిగినావు?” భార్యను అడిగాడు మునిచంద్ర.

“లోపల ఏందో బూజు మాదిరి జిగటగా తేలతాంటే పారబోసినా,” అంది కుసుమ, జాడీని ఎండలో బోర్లిస్తూ.

“అది బూజు కాదు కుసుమా, తోడు. మా అవ్వ కాలం నుంచి చెరుకురసం దాంతోనే పులుస్తా వచ్చింది. వెనిగర్ అంటారే, అదే. అంగట్లో కొనేది మాయమ్మ ముట్టనే ముట్టదు.”

కుసుమ బోర్లించిన జాడీని ఎత్తి లోపలికి చూసింది; చుక్క కూడా మిగల్లేదు. పెళ్లయి ఏడాదైనా తిరగలేదు. అత్త మునిరత్నమ్మ ఆమెను కన్నకూతురిలా చూసుకుంటుంది. కుప్పంలో పెళ్లికి పోయిన ఆ మనిషి సాయంత్రానికి వచ్చేస్తుంది. ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి?

“ఇంకెవరి కాడన్నా ఉండాదా?”

“చౌడేపల్లెలో మా పెద్దమ్మ కెంపమ్మ కాడ ఉండాది. ఉండి ఏం లాభం? ఒకే ఇంట్లో ఉన్నెప్పుడు పెరట్లో మునగచెట్టు ఎవరిదని మాటా మాటా అనుకున్న కాడి నుంచి ఆ తోడికోడళ్లిద్దరికీ మాటల్లేవు. ఆ గడప తొక్కితే మాయమ్మ ఊరుకోదు.”

తొక్కకపోతే అవ్వ కాలం నాటి పులుపు తన చేతుల్లోనే అంతరించిపోతుంది. కుసుమ ఇంకేమీ ఆలోచించకుండా పుంగనూరు బస్టాండుకు పోయి చౌడేపల్లె ఆటో ఎక్కింది.

కెంపమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. “మీయత్త పంపించిందా?”

“లేదు పెద్దత్తా, ఆమెకు తెలియదు. నేనే పాడుచేసినా. రవ్వంత తోడు ఇస్తే...” మాట పూర్తికాకుండానే ఏడుపొచ్చేసింది.

“ఏడవొద్దులేమ్మా. తోడడిగితే పగోళ్లకైనా ఇయ్యాల.” కెంపమ్మ లోపలికెళ్లి, గోధుమరంగు పొరను కొంచెం పులుపుతో సహా టిఫిన్ బాక్సులో వేసి తెచ్చింది. “అయితే ఒక మాట. రసం పులిసినాక తోడిచ్చినోళ్లని ఇంటికి పిలిచి, కూడు పెట్టి, తొలి చుక్క వాళ్లకే ఇయ్యాల. మా అత్త పెట్టిన ఆచారం. పిలవాల్సింది మీయత్త, నువ్వు కాదు.”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇక దాచే దారి కూడా లేదు.

కుసుమ ఇంటికొచ్చేసరికి మునిరత్నమ్మ బస్సు దిగొచ్చి కాళ్లు కడుక్కుంటోంది. కుసుమ బాక్సు ఆమె చేతికిచ్చి, జరిగింది జరిగినట్టు చెప్పేసింది. తిడితే పడదామని తలొంచుకు నిలబడింది.

మునిరత్నమ్మ మూత తీసి వాసన చూసింది. “మా అక్క ఎట్లుండాది?”

“జుట్టు బాగా నెరిసింది అత్తా. మోకాళ్ల నొప్పులంట.”

ఆచారమంటే ఆచారమే. మునిరత్నమ్మ కొడుకు చేత ఫోన్ కలిపించింది. “అక్కా, పులుపు తయారైతానే రావాల. వస్తే నాలుగు దినాలు ఈడే ఉండాల,” అంది. అవతల నుంచి ఏం వినిపించిందో, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

కుసుమకు పోయిన ప్రాణం లేచొచ్చింది. “నా మీద కోపం లేదా అత్తా?”

“కోపమెందుకే?” మునిరత్నమ్మ కోడలిని దగ్గరకు తీసుకుంది. “తోడును మన చేత్తో మనం పారబోయకూడదు, అది పోతే గానీ మా అక్కతో మాట కలిసే దారి లేదు. మదనపల్లెలో ఉండే నా పెద్ద కోడలేమో, అన్నేండ్లు నా కాడుండీ ఆ జాడీ మూతైనా తియ్యలా. అందుకే, ఈ తూరి శుభ్రం పిచ్చి ఉండే పిల్లను ఏరికోరి తెచ్చుకున్నా.”