పెత్రమాసకు నీలమ్మ బొమ్మ

పెద్దల అమావాస్య పెత్రమాసనాడు, ఫొటో లేని మనిషి పేరు మీద బియ్యమిస్తే అవి ఆ మనిషికే అందుతాయా అన్నది బాలప్పకు తొమ్మిదేళ్ళుగా తీరని సందేహం.

"అయ్యగారిని అడిగినవా?" అన్నాడు కిషన్‌రావు, పెన్సిలు చెక్కుతూ.

"అడగకుంట ఉంటనా సారూ? పేరు, గోత్రం చెప్తే చాలంటడు. మా ముడిమ్యాలల నలుగురు నీలమ్మలు పోయిండ్రు. అండ్ల నా భార్య ఎవరో ఎట్ల ఎరుక?"

"దేవునికి ఎరుక లేకుంట ఉంటదా?"

"దేవునికి ఉంటది. నాకే, బియ్యం పోస్తుంటే కండ్ల ముంగట ముఖం నిలుస్తలేదు."

మొయినాబాద్‌లో రోడ్డు పక్కనే బాలప్ప రేకుల షెడ్డు. ఒకప్పుడు చేవెళ్ళ దాకా దుకాణాల బోర్డులన్నీ అతని చేతిరాతలే. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. ఇప్పుడు పొలాల్లో వెలిసిన ప్లాట్ల హద్దురాళ్ళ మీద నంబర్లు రాస్తున్నాడు. ఎంత అందమైన అక్షరమైనా రాస్తాడు గానీ ముఖం గీయడం రాదు.

కిషన్‌రావుకు వచ్చింది అదొక్కటే. పట్నంలో ఆర్ట్ కాలేజీ లెక్చరర్‌గా రిటైరై, ఇక్కడి ప్రైవేటు కాలేజీలో యానిమేషన్ పిల్లలకు పాఠం చెబుతున్నాడు. పెన్సిలు పట్టుకోమంటే వాళ్ళు మౌస్ కోసం వెతుకుతారు. ఆదివారం వస్తే అతనూ బాలప్పా ఈ షెడ్డులో కూర్చుని నీలమ్మ ముఖం కోసం వెతుకుతారు. బాలప్ప చెబుతుంటే అతను గీస్తాడు. రేషన్ కార్డు మీది ఫొటో ఏనాడో చెరిగిపోయింది. వేరే ఫొటో లేదు.

"ముక్కు జర పొడుగైంది సారూ."

"ఇప్పుడు?"

"ఇప్పుడు మా వార్డు మెంబర్ సుక్కమ్మ లెక్క అయింది. ఆమె ముంగట బియ్యం పోసిననుకో, బతికుండంగనే పోస్తవారా అని చెప్పు అందుకుంటది!"

ఇద్దరూ నవ్వారు. కిషన్‌రావు కాగితం చింపేశాడు. బాలప్ప కాగితం కంటే సారు ముఖాన్నే ఎక్కువసేపు చూశాడు.

"ఈసారన్న పెత్రమాసకు అయితదా?" అన్నాడు మెల్లగా. "ఇంక నాలుగు రోజులే."

"వచ్చే ఏడు చూద్దాం లే."

"వచ్చే ఏడు నాకు కండ్లుండయి సారూ. షుగరు కండ్లకెక్కింది. ఒకటి అయిపోయిందట. రెండోది దసరా దాటితే ఎక్కువని దవాఖానల డాక్టరమ్మ చెప్పింది. ఒక్కసారి ఆమె ముఖం సూస్తే చాలు. తర్వాత చీకటైనా నాకు ఫికర్ లేదు."

కిషన్‌రావు పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు. లేచి ఇంటికి వచ్చేశాడు.

ఆ ముక్కును అతను కావాలనే పొడుగు చేశాడు. నీలమ్మ ముక్కు ఎంతుంటుందో అతనికి బాగా తెలుసు. రెండేళ్ళ పాటు వారానికి మూడు రోజులు ఆమె అతని క్లాసులో స్టూలు మీద కదలకుండా కూర్చుంది. పిల్లలు చుట్టూ చేరి ఆమె ముఖాన్ని గీస్తూ నేర్చుకున్నారు. నిండుగా చీర కట్టుకుని, కొంగు సర్దుకుని కూర్చునేది. అయినా మొదటిరోజే దేవుని పటం మీద అతని చేత ఒట్టు వేయించుకుంది.

"ఇండ్లల్ల పనికని చెప్పి వస్తున్న సారూ. గిట్ల కూసుంటున్నట్టు మా ఆయనకు తెలుస్తే ఊర్ల తలెత్తుకోడు. ఎన్నడూ చెప్పొద్దు."

ఒకసారి మాత్రం సిగ్గుపడుతూ అడిగింది. "గింతమంది నన్ను గీస్తుండ్రు. అండ్ల ఒక్కటన్న నాకియ్యరా?"

"వచ్చే వారం ఇస్తనమ్మా" అన్నాడు కిషన్‌రావు.

వచ్చే వారం ఆమె రాలేదు. నాలుగు రోజుల జ్వరంతో పోయింది. నెల తర్వాత అతను ఆమె బొమ్మ ఒకటి తీసుకుని ముడిమ్యాల వెళ్ళి, అక్కడివాళ్ళు చెబితే మొయినాబాద్ వచ్చాడు. నిచ్చెన మీద నిలబడి బోర్డు రాస్తున్న మనిషిని చూడగానే ఒట్టు గుర్తొచ్చింది. కుంచెలు ఎక్కడ కొంటావని మాత్రం అడిగాడు. ఆ తర్వాతి ఆదివారం మళ్ళీ వెళ్ళాడు. అట్లా స్నేహం కుదిరింది. లెక్చరర్‌కు తనతో ఏం పని అని బాలప్ప ఎన్నడూ అడగలేదు.

అచ్చంగా గీసి ఇస్తే, చూడని మనిషిని ఎట్లా గీశావంటాడు బాలప్ప. చచ్చిపోయిన మనిషికి చేసిన ఒట్టు పెద్దదా, బతికున్న మనిషి కంటిచూపు పెద్దదా? కిషన్‌రావు మూడు రోజులు దీపం ముందు కూర్చుని ఇదే తూచుకున్నాడు. నాలుగోనాడు తెల్లవారుతుండగా లేచి దండం పెట్టుకున్నాడు.

"ఒట్టు తప్పుతున్న స్వామీ. పాపం నాకే తాకనియ్యి."

ట్రంకు పెట్టె అడుగున దాచిన బొమ్మ తీసుకుని బయలుదేరాడు.

బాలప్ప తలస్నానం చేసి, బియ్యం, కూరగాయలు విస్తరిలో పెట్టుకుని అయ్యగారి కోసం ఎదురుచూస్తున్నాడు. బొమ్మ అందుకుని, చూపున్న కంటికి దగ్గరగా పట్టుకున్నాడు. స్టూలు మీద నీలమ్మ. వెనక క్లాసు కిటికీ. మూలన తారీఖు, కిషన్‌రావు సంతకం. చాలాసేపు చూశాడు.

"బాలప్పా, నీలమ్మ నా క్లాసుకు వస్తుండె. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నది. ఇన్నేండ్లు తెల్వనట్టు నటించిన. ఈ బొమ్మ ఆమెకు ఇస్తనన్నదే." కిషన్‌రావు తల దించుకున్నాడు. "నన్ను తిట్టు, కొట్టు. ఇంక రావద్దంటే రాను."

బాలప్ప బొమ్మను గోడకు ఆనించి దాని ముందు విస్తరి పెట్టాడు. ముఖం మీదినుంచి చూపు తిప్పకుండా గుప్పెడు బియ్యం పోశాడు. కన్నీళ్ళు తుడుచుకోలేదు. తర్వాత చెయ్యి చాచి, తడుముకుంటూ కిషన్‌రావు చెయ్యి పట్టుకున్నాడు.

"నా ఇజ్జత్ పోవద్దని దేవుని మీద గంత ఒట్టు పెట్టించుకున్నదా పిచ్చిది!" అన్నాడు. "నువ్వెప్పుడు చెప్తవా అని తొమ్మిదేండ్ల సంది సూస్తున్న సారూ."

కిషన్‌రావు తలెత్తాడు.

"ఇల్లు గడవక ఆమెను నీ క్లాసుకు పంపింది నేనే."