మేనమామ ముద్ద

"పిల్లాడికి ఇప్పుడే అన్నం పెట్టెయ్యమ్మా," అన్నాడు బసవయ్య, కంకిపాడు పోస్టాఫీసు నుంచి వస్తూనే.

రామతులసి తెల్లబోయింది. పదో నెలొచ్చినా బిడ్డకి పాలే గతి. అవీ చాలక వాడు ఎముకల గూడయ్యాడు. అన్నం పెడతానని ఎంత బతిమాలినా, "తొలి ముద్ద మేనమామే పెట్టాలి. బర్మా యుద్ధంలోంచి మీ అన్న సెలవు మీద రానీ," అనేవాడు నాన్న.

ఇన్నాళ్ళకి మనసు కరిగిందనుకుంది. గబగబా అన్నం మెత్తగా మెదిపి, నెయ్యి వేసి తెచ్చింది.

"మగ్గం దగ్గరున్న అమ్మని పిలవనా?"

"వద్దు. ముందు వాడి నోట్లో పెట్టు."

పిల్లాడు చప్పరించి మింగి, మళ్ళీ నోరు తెరిచాడు.

"చూశావా నాన్నా, ఎంత ఆకలో! అన్నయ్యొచ్చాక మళ్ళీ వేడుక చేద్దాంలే."

బసవయ్య చొక్కా జేబు మీద అరచెయ్యి అదిమిపట్టి నిలబడ్డాడు. వేళ్ళ సందున టెలిగ్రాం కాగితం అంచు కనిపిస్తోంది.

"కడుపునిండా తిననీ తల్లీ. నేను నోరు విప్పానంటే ఇంటికి మైలొస్తుంది. వాడి అన్నం మళ్ళీ ఆగిపోతుంది."

ఆమె చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

పిల్లాడు ఆ చేతిని రెండు చేతులా లాక్కుని, వేళ్ళకంటిన మెతుకులు నాకాడు.