రెండో సాక్షి

"డాక్టరూ, కదలకు! గట్టు పక్కన, ఎడమవైపుది. దాని ముక్కు చివర చూడు."

రిటైరైన పోస్టుమాస్టరు గుసగుసగా అన్నాడు. కోతలైపోయి నీళ్లు నిలిచిన మడిలో పాతిక ఉల్లంకి పిట్టలు బురద పొడుచుకు తింటున్నాయి. సముద్రపు ఒడ్డున ఉండాల్సినవి, దారి తప్పి పొలాల్లో దిగాయి. వాటిలో ఒకదాని ముక్కు చివర చెంచాలా వెడల్పుగా ఉంది. లోకంలో కొన్ని వందలే మిగిలిన ఆ చెంచా ముక్కు పిట్ట కోసమే ఆయన ఇరవై రెండేళ్లుగా గట్లమీద చెప్పులు అరగదీశాడు. సొంత మేనకోడలి పెళ్లికి కూడా తాళి కట్టాక వెళ్లాడు.

తాను చూస్తే చాలదు. పక్షుల క్లబ్బు నియమం ప్రకారం రెండో మనిషి కూడా చూసి సంతకం పెట్టాలి. అప్పుడే మొదట చూసినవాడి పేరు క్లబ్బు గోడమీది బోర్డుకి ఎక్కుతుంది. ఇదివరకు రెండుసార్లు లేని పిట్టని చూశానని పరుగెత్తుకెళ్లి ఆయన 'నాన్నా పులి' అనిపించుకున్నాడు. మూడోసారీ నవ్వులపాలైతే ఇక ఆ గుమ్మం తొక్కనని భార్య దగ్గర ఒట్టేశాడు.

అదృష్టం, ఇవాళ పక్కనున్నది కళ్ల డాక్టరు. పన్నెండేళ్లుగా ఆయనతోపాటు బురద తొక్కినవాడు. పోయినేడు ఆయన రెండు కళ్లకీ శుక్లాలు తీసిందీ అతనే.

డాక్టరు పోస్టుమాస్టరు టెలిస్కోపుకి కన్ను ఆనించాడు. చాలాసేపు చూశాడు.

"చెప్పవయ్యా, ప్రాణం పోతోంది!"

డాక్టరు ఆయన భుజంమీద చెయ్యేశాడు. "మామూలు ఉల్లంకే మాస్టారూ. ముక్కుకి బురద ముద్ద అంటుకుంది. ఇప్పుడే నీళ్లలో విదిలించుకుంది."

పోస్టుమాస్టరు మళ్లీ చూశాడు. కళ్లనిండా నీళ్లు. అన్ని ముక్కులూ ఒకేలా కనిపించాయి.

"నాకు అచ్చం చెంచాలాగే..."

"పోన్లెండి. నేనెవరికీ చెప్పను."

ముసలాయన గట్టుమీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కాసేపటికి కళ్లు తుడుచుకుని లేచాడు.

"ఈ టెలిస్కోపు నువ్వే ఉంచుకో నాయనా. నా కళ్లని నేనే నమ్మలేనప్పుడు నాకెందుకిది?"

"అవన్నీ తర్వాత మాట్లాడుకుందాం. వెలుగుండగానే బయల్దేరండి. నేను సర్దుకొస్తాను."

మాస్టారి స్కూటర్ చప్పుడు దూరమై వినపడకుండా పోయేదాకా ఉండి, డాక్టరు క్లబ్బు కార్యదర్శికి ఫోన్ చేశాడు: "చెంచా ముక్కు పిట్ట సార్, ఇంకా నా కళ్లముందే తిరుగుతోంది, ఇక్కడ నేనొక్కణ్ణే ఉన్నా, సాక్షి సంతకానికి ఎవరినైనా వెంటనే పంపండి!"