జక్రయ్య ముందు శంఖం

మేకప్ గదిలో కాస్త నడుం వాల్చిన దేవకుమారి ఊపిరాడక దగ్గుతూ లేచి చూసుకునేసరికి గొంతు పోయింది.

గది నిండా మిరపకాయల పొగ. తలుపు తోసుకుని బయటపడి "నీళ్ళు" అనబోయింది. గాలి తప్ప ఏమీ రాలేదు. తెర లేవడానికి గంట కూడా లేదు.

దర్శకుడు ప్రసన్నకుమార్ గది వెనక్కి పరుగెత్తాడు. కిటికీ కింద కుంపటి. అందులో గుప్పెడు ఎండుమిరపకాయలు మాడి బొగ్గయ్యాయి.

"ఎవరో కావాలనే పెట్టారక్కా" అన్నాడు పళ్ళు కొరుకుతూ.

జనంలోంచి ఒక డాక్టరొచ్చి టార్చి వేసి చూశాడు. "పొగ దెబ్బ. నాలుగు రోజులు మాట్లాడకుండా ఉంటే అదే వస్తుంది. ఇవాళ మాత్రం రాదు."

ఈ వారం డబ్బింగ్ పని లేదు. పొద్దున వ్యానులో భర్త జక్రయ్య అడిగితే అదే చెప్పింది. అదొక్కటే నయం అనుకుంది దేవకుమారి.

అది అల్లాటప్పా గొంతు కాదు. పాతికేళ్ళుగా ఎందరో హీరోయిన్ల పెదాల మీద పలికింది. గుంటూరు నుంచి ఈ ఒంగోలు దాకా ఏ పరిషత్తు పోటీలో ఆమె నాటకం వేసినా జనం కళ్ళు మూసుకుని మరీ వినేవాళ్ళు. న్యాయనిర్ణేతలూ అంతే. 'ఉత్తమ వాచికం' షీల్డు చేతిలో పెట్టి పంపేవాళ్ళు. 'ఉత్తమ నటి' ఎప్పుడూ ఇంకొకరిదే. ఇప్పుడు మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. ఇదే ఆఖరి నాటకం. ఆ ఒక్క షీల్డుతోనే ఇల్లు చేరాలని ఆమె పంతం.

జక్రయ్య మూల స్టూలు మీద కూర్చుని తువ్వాలుతో కళ్ళు ఒత్తుకుంటున్నాడు. ఎర్రగా ఉన్నాయి. పెళ్ళాం గొంతు పోతే ఏడవడా పాపం, అనుకున్నారు అందరూ. దూది మిల్లు యంత్రాల హోరులో పెళ్ళికి ముందే చెవులు పోగొట్టుకున్న మనిషి. అయినా ఆమె ప్రతి నాటకానికీ ముందు వరసలో కూర్చుంటాడు. 'జక్రయ్య ముందు శంఖం' అని ట్రూపులో హాస్యం.

ప్రసన్నకుమార్ చూపు మహిమ మీద పడింది. ట్రూపులో చేరి ఏడాదైనా ఇంకా వేషం దక్కని పిల్ల.

"ఏమ్మా, ఇందాక గది వెనక నీకేం పని?"

"డైలాగులు చదువుకుంటున్నా సార్."

"నీకు వేషమే లేదు. ఎవరి డైలాగులు?"

మహిమ తల దించుకుంది. "మేడమ్‌వి. అన్నీ కంఠతా వచ్చు."

"అదీ సంగతి. ఆవిడ పడిపోతే నువ్వు ఎక్కుదామని."

"ఆ పిల్ల కాదు" జక్రయ్య అరిచాడు. ఎవరి పెదాలు కదిలినా చదివేస్తాడాయన. ఏం మాట్లాడినా మాత్రం ఊరంతా వినిపిస్తుంది.

"మీకేం తెలుసు బావగారూ?"

"కాదంటే కాదు. వదిలేయ్."

దేవకుమారి భర్త గడ్డం పట్టి తన వైపు తిప్పుకుని పెదాలు కదిపింది. అక్కడున్నవాళ్ళలో ఆ మాట అందింది ఆయనొక్కడికే.

"నాటకం ఆగదంట. మహిమ పక్కనుంచి మైకులో మాటలు చెప్పిద్దంట. ఈవిడ ఆడిద్దంట."

"అంటే అక్కకే డబ్బింగా?" ప్రసన్నకుమార్ నోరు తెరిచాడు. "వాచికం మార్కులు మొత్తం పోతాయక్కా."

"పోతే పోనీమంటంది" అన్నాడు జక్రయ్య, ఆమె పెదాలు కదలకముందే.

తెర లేచింది.

మిరప యార్డులో తొడిమలు తీసే కూలిమనిషి పాత్ర. ఎప్పుడూ ఆమె మైకు దగ్గరకి రెండడుగులు వేసి, మిగతాది గొంతుకు వదిలేసేది. ఇవాళ ఆనుకోవడానికి ఆ గొంతనే గోడ లేదు. కూర్చున్న చోటే ఉండిపోయింది. నడుం మాట్లాడింది. మెడ మాట్లాడింది. కొంగు దులిపితే అత్తగారి మీద కోపమని వెనక బెంచీలకు సైతం అర్థమైంది.

ఆఖరి అంకంలో కొడుకు ఇక లేడన్న కబురు వస్తుంది. అక్కడ పేజీ పొడవున డైలాగు. మహిమ అందుకోవాలి. అందుకోలేదు. తెర పక్క నుంచి ఆ పిల్ల వెక్కిళ్ళు వినిపించాయి.

దేవకుమారి ఆగలేదు. వేళ్ళు తొడిమలు తీస్తూనే ఉన్నాయి. కాయ బుట్టలోకి, తొడిమ కిందికి. మళ్ళీ కాయ బుట్టలోకి, తొడిమ కిందికి. ఉన్నట్టుండి తొడిమ బుట్టలోకి వెళ్ళింది, కాయ కింద పడింది. ఇంకోటీ అంతే. ఆమె చూపు ఎక్కడో ఉంది.

"అయ్యో, కాయ పారేస్తందమ్మా" అంది జనంలో ఒక కూలిమనిషి, ఏడుపు ఆపుకోలేక.

హాల్లో ఒక్కరూ కళ్ళు మూసుకోలేదు.

పోటీలో అదే చివరి నాటకం. కాసేపటికే ఫలితాలు చదివారు. ఉత్తమ నటి అనగానే ఆమె పేరు వినిపించకుండా చప్పట్లు లేచాయి. ముందు వరసలో జక్రయ్య వెనక్కి తిరిగాడు. హాలంతా లేచి నిలబడి ఉంది. ఆ దృశ్యాన్ని ఆయన తనివితీరా చూసుకున్నాడు.

దేవకుమారి షీల్డును గుండెకు హత్తుకుంది. మహిమను దగ్గరకు లాక్కుని పక్కన నిలబెట్టుకుంది.

ప్రసన్నకుమార్ మైకు అందుకున్నాడు. "మా అక్క గెలిచింది. కానీ ఆ కుంపటి పెట్టిన దుర్మార్గుణ్ణి మాత్రం నేను వదలను."

జక్రయ్య మెట్లెక్కి స్టేజీ మీదకొచ్చాడు. మైకు ఇవ్వబోతే వద్దన్నాడు. జనం వైపు కాదు, భార్య వైపు తిరిగాడు.

"కుంపటి పెట్టింది నేనే కుమారీ, ఒక్క పూటన్నా వీళ్ళంతా నిన్ను నా చెవులతో చూడాలని."