రాతిగుండు మీద మనిషి

ఆరోజు కూడా బడిగంట పది నిమిషాలు ఆలస్యంగా మోగింది.

కేశవయ్య జేబుగడియారం మూసి డైరీలో గీత గీశాడు. ఆయన ఈ బడికి హెడ్‌మాస్టరుగా వచ్చి ఆరు రోజులు. గీతలూ ఆరే.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. స్కూళ్ల ఇన్‌స్పెక్టరు ముందే చెప్పి పంపాడు. ఆ బడికి మూడేళ్లుగా హెడ్‌మాస్టరు లేడనీ, అయినా పిల్లల్లో ఒక్కరూ బడి మానలేదనీ, అదెట్లాగో తనకు అంతుబట్టలేదనీ, ముందు క్రమశిక్షణ సంగతి చూడమనీ.

బడి ముందర పెద్ద రాతిగుండు. పక్కనే వేలాడే రైలుపట్టా ముక్కే గంట. బంట్రోతు అయ్యన్న రోజూ సుత్తి పట్టుకుని గుండెక్కి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడతాడు. తీరిగ్గా దిగి గంట కొడతాడు.

"ఏమప్పా, రోజూ ఆ గుండు మీద ఏం పని నీకు?"

"దోవ చూస్తాండా సార్."

ఏ దోవ అని కేశవయ్య అడగలేదు. గడియారం చూసి కొట్టాల్సిన గంట దోవ చూసి కొడితే బడి సత్రమవుతుందన్నాడు.

"ఒక్క మాట సార్..."

"మాటలొద్దు."

సాయంత్రానికి పనిలోంచి తీసేశాడు. అయ్యన్న తాగునీళ్ల బాన నిండుగా నింపి, సుత్తి తుడిచి బల్ల మీద పెట్టి వెళ్లాడు.

సోమవారం గంట తొమ్మిదిన్నరకే మోగింది. వెంటనే గేటు మూశారు. ఆలస్యంగా వచ్చినవాళ్లను వెనక్కి పంపారు. నాలుగో రోజుకు గేటు బయట ఎవరూ లేరు. పిల్లలు దారికొచ్చారని కేశవయ్య సంతోషించాడు.

నెలాఖరున హాజరు పట్టీ తీస్తే ముప్పైఒక్క పేర్ల ఎదుట వరసగా సున్నాలు. అందరూ నాపరాళ్ల గని కూలీల పిల్లలే.

ఎండలో గనికి నడిచాడు. రాళ్లు మోస్తున్న పిల్లలు ఆయన్ని చూసి తలలు దించుకున్నారు.

విశ్వాసమ్మ అనే తల్లి తట్ట దించి చెప్పింది.

"బిడ్డలు పొద్దున్నే మాకు సంగటి తెచ్చిచ్చి, ఈడనుంచి బడికొస్తాండ్రి సార్. కడపటి బిడ్డ వంక దాటేది చూసి అయ్యన్న గంట కొడతాండె. ఇప్పుడు వాళ్లు పోయేతలికి గేటేస్తాండారు. ఈడ పనికి మరిగినారు. ఇంక రారు."

అయ్యన్న ఊళ్లో ఉన్నాడా అని అడిగాడు.

"ఆదోని పక్క కూలికి పాయె. యాడుండాడో ఏమో."

మరునాడు కేశవయ్య సుత్తి పట్టుకుని గుండెక్కాడు. గని వైపు వాగు వంక దాకా దోవంతా తేటగా కనబడుతోంది. దాని మీద ఎవరూ లేరు.

తొమ్మిదిన్నర అయింది. ఇంకో పది నిమిషాలు చూశాడు.

ఇన్‌స్పెక్టరు పొరబడ్డాడు, ఆ మూడేళ్లూ ఈ బడికి హెడ్‌మాస్టరు ఉన్నాడు.